సూరత్ చీర, జామియా పట్టా: కొన్ని పదాలకు వ్యాఖ్యానం

మన ఇళ్లకు ఇప్పుడు పండగ చీర సెల్‌ఫోన్ మీదే వస్తోంది. అందులో చాలా సరుకు సూరత్‌ది. అక్కడి మరమగ్గాల మీద పనిచేసేవాళ్లలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. అదే ఊళ్లో షియా ముస్లింలలో ఒక శాఖైన దావూదీ బోహ్రాల అరబ్బీ విద్యాపీఠం, అల్ జామియా తుస్ సైఫియా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో మొదలైన ఈ సంస్థకు కరాచీ, నైరోబీల్లోనూ ప్రాంగణాలున్నాయి. ముంబయి మరోల్ ప్రాంగణం 2023 ఫిబ్రవరిలో తెరుచుకుంది. ఈ సంస్థలో చదివినవాళ్లలో చాలామంది ఊరూరా ‘ఆమిల్’లుగా, అంటే స్థానిక మతపెద్దలుగా వెళతారు. వెళ్లేది వ్యాపారుల సమాజంలోకి. కనుక నమాజు సందేహాలతో పాటు లావాదేవీల సందేహాలూ వాళ్ల గుమ్మం తొక్కుతాయి. వాళ్లు చదివే న్యాయ గ్రంథాల్లో ముఖ్యమైనది, పదో శతాబ్దంలో అల్ ఖాజీ అల్ నుమాన్ రాసిన ‘దఆయిముల్ ఇస్లాం’. అందులో రెండో సంపుటం మొదలయ్యేదే క్రయవిక్రయాలతో. తాపీ నది అవతలి ఒడ్డున రాందేర్‌లో ఉన్న సున్నీ మదర్సాల్లోనూ క్రయవిక్రయాలకు దాదాపు ఇవే పదాలు వినిపిస్తాయి. ఆన్‌లైన్ బజారుకు పనికొచ్చేవి కొన్ని ఇవి.

గరర్: సరుకు ఏమిటో, చేతికొస్తుందో రాదో తేలని అమ్మకం. నీళ్లలో చేపను, గాల్లో పక్షిని అమ్మడం పాత గ్రంథాలు చెప్పే ఉదాహరణలు. ఫోటోలో పట్టు, పార్సిల్‌లో పాలిస్టర్ అయితే అది మోసమని ఎవరైనా చెబుతారు. దానికి ఫిఖ్హ్ (ఇస్లామీ న్యాయశాస్త్ర) పండితుడు అక్కర్లేదు. అతను అవసరమయ్యేది రీసెల్లర్ దగ్గర. ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో చీరల బొమ్మలు పెట్టి, ఆర్డరు వచ్చాక మార్కెట్లో కొని పంపే మనిషి తనది కాని సరుకును అమ్ముతున్నట్టే. దీనికి రెండు దారులు చెబుతారు. ఒకటి, నేను ఏజెంటును, నాది కమిషన్ అని ముందే చెప్పడం. రెండోది సలమ్: సరుకు గుణం, కొలత, అప్పగించే తేదీ ఖరారు చేసుకుని డబ్బు ముందే తీసుకోవడం. సలమ్‌లో ధర మొత్తం ముందుగానే చేతులు మారాలి. కాబట్టి క్యాష్ ఆన్ డెలివరీ అందులో ఇమడదు. దారిలో పార్సిల్ పాడైతే నష్టం ఎవరిది, తిప్పి పంపితే కొరియర్ ఖర్చు ఎవరిది అన్నవీ విడిగా తేల్చాలి. సెల్లర్ ఖాతా ఎలా నడుస్తుందో తెలియనివాడు ఇక్కడ ఫత్వా ఇస్తే అది గాల్లో మాటే.

నజ్ష్: కొనే ఉద్దేశం లేకుండా వేలంపాటలో ధర పెంచడం. ఆన్‌లైన్ బజారుకు ఇంతగా అతికే పాత పదం మరొకటి లేదని నా అభిప్రాయం. డబ్బిచ్చి రాయించిన ఐదు చుక్కల రివ్యూ, గోదాము నిండా సరుకుండగా ‘రెండే మిగిలాయి’ అనే హెచ్చరిక, రెండూ ఈ జాతివే. 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. 2023 నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల ఆన్‌లైన్ మాయపద్ధతుల (డార్క్ ప్యాటర్న్స్) పట్టిక ప్రకటించింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. ప్రభుత్వం ఇప్పుడు పట్టుకున్న సంగతిని చెప్పే పదం జామియా విద్యార్థి పాఠంలో ఎప్పటి నుంచో ఉంది. మసీదు ప్రసంగాల్లో అది ఎన్నిసార్లు వినిపిస్తుందన్నదే ప్రశ్న.

రిబా: వడ్డీ. ‘వడ్డీ లేదు’ అంటూనే వాయిదా దాటితే రుసుము గుంజే యాప్‌లను చాలామంది పండితులు ఈ ఖాతాలోనే వేస్తారు.

ఖర్జన్ హసన: వడ్డీ లేని అప్పు. బోహ్రాల దగ్గర ఇది ఉపదేశంగా మిగల్లేదు. ఊరూరా నిధి ఉంది, పూచీ ఉంది, తిరిగి కట్టే క్రమశిక్షణ ఉంది. ఇస్లామిక్ బ్యాంకింగ్ ఆలోచనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది గనుక, ఇలాంటి నిధికి ప్రాధాన్యం మరింత పెరిగింది. నిధి జమాఖర్చులు ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ ఫోన్‌లో కనబడేలా చేయడమే ఈ తరం పట్టభద్రులకు అన్నిటికన్నా ఉపయోగకరమైన పని. కొత్త యాప్ కట్టడం కన్నా ఇది గొప్ప.

హలాల్: ఈ ముద్రే ఎక్కువ ముంచింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గోల్డ్ మీద 2018లో, బెంగళూరు మదుపు సంస్థ ఐఎంఏ మీద 2019లో మదుపరులు పోలీసు కేసులు పెట్టారు. రెండూ వడ్డీ కాదు, లాభంలో వాటా అని చెప్పే డబ్బు సేకరించాయి. ఐఎంఏను మెచ్చుకున్నవాళ్లలో మతపెద్దలూ ఉన్నారు. వాళ్లు చూసింది ఒప్పందంలోని పదాలను. చూడనిది లాభం ఎక్కడి నుంచి వస్తోందన్నది. షరియా చదువుకు తోడు బ్యాలెన్స్ షీటు చదవడం రాని పట్టా ఇలాంటి చోట ప్రమాదకరం.

అందుకే, ఎవరైనా పండితుడి సంతకం చూపించి మీ చేత డబ్బు పెట్టించబోతే రెండే ప్రశ్నలు అడగండి: కంపెనీ లెక్కలు ఆయన స్వయంగా చూశారా? ఆ సంతకానికి ఆ కంపెనీయే ఆయనకు డబ్బిస్తోందా? సూటిగా జవాబు రాకపోతే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.