గోల్ఫ్ కోర్సు రూపకల్పనలో టీ షాట్ దూర నియంత్రణ

టీ నుంచి కొట్టిన బంతి ఎటు వెళ్లాలన్నదే కాదు, ఎక్కడ ఆగాలన్నది కూడా కొన్ని గోల్ఫ్ హోళ్లలో ముందే తేల్చుకోవాలి. ఫెయిర్‌వే పక్కనున్న బంకర్ గురి తప్పినవారిని శిక్షిస్తుంది. అడ్డంగా పారే వాగు దూరం అంచనా తప్పినవారిని పట్టుకుంటుంది. అయితే అడ్డంకి పెట్టినంత మాత్రాన రూపకల్పన పూర్తికాదు. దానికి దగ్గరగా బంతిని నిలిపినవారికి రెండో షాట్ చిన్నదవ్వాలి, లేదా గ్రీన్‌కు మంచి కోణం దొరకాలి. ఆ లాభం లేకపోతే అందరూ ఒకే చోట బంతి ఆపుతారు, ఆలోచించే పనే ఉండదు.

స్కాట్లాండ్ తూర్పు తీరాన ఉన్న కార్నూస్టీ గోల్ఫ్ కోర్సులో 17వ హోల్‌ పేరు 'ఐలండ్'. బారీ బర్న్ అనే వాగు మెలికలు తిరుగుతూ అక్కడి ఫెయిర్‌వేను రెండుసార్లు కోస్తుంది. టీ షాట్ మొదటి మెలికను దాటాలి, రెండోదానికి ముందే ఆగాలి. ఎదురుగాలి వీస్తే మొదటి మెలిక దాటడమే కష్టం. గాలి వెనకనుంచి తోస్తే రెండో మెలిక భయపెడుతుంది, ఎక్కువ దూరం కొట్టే డ్రైవర్ పక్కనపెట్టి తక్కువ దూరం కొట్టే ఐరన్ అందుకోవాలి. సముద్రతీరపు గట్టి నేల మీద బంతి పడ్డాక కూడా చాలా దూరం దొర్లుతుంది కాబట్టి ఆ దొర్లే దూరాన్నీ లెక్కలో వేసుకోవాలి. గాలి మారితే అదే హోల్ మరో ప్రశ్న వేస్తుంది. దీని గొప్పతనమంతా అందులోనే ఉంది.

పక్కనున్న 18వ హోల్‌ మీదా ఈ వాగుదే పెత్తనం. 1999 ఓపెన్ గోల్ఫ్ పోటీ చివరి రోజున మూడు స్ట్రోకుల ఆధిక్యంతో అక్కడికి వచ్చిన ఫ్రెంచి ఆటగాడు జీన్ వాన్ డి వెల్డ్ డ్రైవర్‌తోనే కొట్టాడు. బంతి కుడికి వెళ్లినా నీళ్లలో పడకుండా వాగు మెలికలో నిలిచింది. మూడో షాట్ మాత్రం వాగు పాలైంది. పార్-4 హోల్‌కు ఏడు స్ట్రోకులు పట్టాయి. దాంతో ఆధిక్యం పోయి ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది, అందులో పాల్ లారీ గెలిచాడు.

లాస్ ఏంజిలిస్‌లోని రివియెరా కోర్సులో రూపకర్త జార్జ్ థామస్ 1920లలో తీర్చిన 10వ హోల్‌ది మరో పద్ధతి. సుమారు 315 గజాలే కావడంతో నేరుగా గ్రీన్‌కే కొట్టాలన్న ఆశ పుడుతుంది. గ్రీన్ మాత్రం సన్నగా, ఏటవాలుగా, బంకర్ల నడుమ ఉంటుంది. ఎడమవైపు తగిన దూరంలో బంతి ఆపినవారికే మంచి కోణం దొరుకుతుంది.

అందరూ ఒకే దూరం కొట్టలేరు. అందుకే ఒక హోల్‌కు వేర్వేరు దూరాల్లో పలు టీలు ఏర్పాటు చేస్తారు. దాంతో దూరం తక్కువ కొట్టేవారికి కూడా అదే అడ్డంకి అదే పరీక్ష పెడుతుంది.