వెండి కరవు – 1918 నాటి కాగితపు రూపాయి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో పాత ఇండ్ల భోషాణాలు తెరిచినప్పుడు, దస్తావేజుల మడతలలో ఒక్కొక్కసారి ఉర్దూ అక్షరాల కాగితపు నోటు ఒకటి బయటపడుతుంది. దాని విలువ తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో కూడ అచ్చువేసి ఉంటుంది. ఇది నిజాం ప్రభుత్వపు ‘ఉస్మానియా సిక్కా’ నోటు. జనుల వాడుకలో హాలీ నోటు. చూసినవారు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: ఇప్పుడిది ఎంత పలుకుతుంది? అంతకంటె అడగదగిన ప్రశ్న మరొకటి ఉన్నది. వెండి రూపాయినే డబ్బుగా ఎంచిన ఈ నేలలో, సరిగ్గా 1918 లోనే ఈ కాగితం ఎందుకు పుట్టవలసి వచ్చింది? దీనికి జవాబు కొంత హైదరాబాదులోను, కొంత యూరపు యుద్ధరంగంలోను, చాలా భాగం అమెరికా ఖజానాలోను దొరుకుతుంది.

నోటుకు ముందు నాణెం. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సంస్థానమూ, సుగూరు సంస్థానమని కూడ పేరుగల వనపర్తీ ఒకప్పుడు సొంత నాణేలు ముద్రించుకొన్నవే. మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న కాలంలో ఇటువంటి విడి టంకసాలలను మూయించి, నాణెపు ముద్రణను హైదరాబాదుకు చేర్చారు. అయినా గద్వాల నాణెం రాయచూరు ప్రాంతంలో 20వ శతాబ్ది ఆరంభం దాకా చేతులు మారుతూనే వచ్చింది. ప్రభుత్వం మారినా, ముద్ర మారినా, అందులోని వెండి మారదు గదా! షరాబు చూసేది ముద్రను కాదు, తూకాన్ని.

కనుక తూకం సంగతి కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది. బ్రిటిషు ఇండియా రూపాయి బరువు 180 గ్రెయిన్లు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు, అనగా 165 గ్రెయిన్లు, శుద్ధమైన వెండి. హైదరాబాదు హాలీ రూపాయి బరువు 172½ గ్రెయిన్లు. వెండి నూటికి సుమారు 82 పాళ్ళు, అనగా 141 గ్రెయిన్లకు కొంచెం అటూ ఇటూ. అమెరికా వెండి డాలరు బరువు 412½ గ్రెయిన్లు. పదింట తొమ్మిది పాళ్ళు వెండి, అనగా 371¼ గ్రెయిన్లు. ఈ చివరి అంకెను 165 చేత భాగిస్తే సరిగ్గా 2¼ వస్తుంది. ఒక డాలరును కరిగిస్తే రెండుంబావలా రూపాయల వెండి అన్నమాట. ఈ లెక్కను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ముందు పని కలదు.

1914 లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ఇండియా నుంచి ధాన్యం, జనుము, తోళ్ళు యుద్ధావసరాలకు ఎగుమతి అయ్యాయి. వీటిని అమ్మిన రైతుకు వెండి రూపాయలలోనే సొమ్ము ముట్టాలి. రూపాయలు పల్లెలకు పోయి తిరిగి రాలేదు. మరొక వంక వెండి ధర పెరుగుతూ పోయింది. యుద్ధారంభంలో లండను బజారులో ఔన్సు 25 పెన్నీల ప్రాంతంలో ఉన్న వెండి 1917 సెప్టెంబరు నాటికి 55 పెన్నీలకు ఎక్కింది. అప్పటి మారకం ప్రకారం ఔన్సు ధర 43 పెన్నీలు దాటితే రూపాయిని ఖర్చుపెట్టడంకంటె కరిగించడమే లాభం! ప్రభుత్వం కరిగించడాన్ని నేరంగా ప్రకటించింది. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటును, 1918 జనవరి 2న రెండు రూపాయల ఎనిమిదణాల నోటును విడుదల చేసింది. రెండున్నర రూపాయల నోటు నేటి పిల్లలకు వింతగా తోచవచ్చు. కాని కాగితం వెంట కాగితం రావడం చూసిన జనం నోట్లకు వెండి ఇమ్మని ఖజానాల చుట్టూ చేరారు. వెండి నిల్వ ప్రమాదకరంగా తరిగిపోయింది.

అంత వెండి ఒక్కచోట పోగుపడి ఉన్న స్థలం అమెరికా ఖజానా. అక్కడ కోట్లకొలది వెండి డాలర్లు సంచులలో ఊరక పడి ఉన్నాయి. వాటికి బదులుగా ‘సిల్వర్ సర్టిఫికెట్’ అనే నోట్లు జనంలో తిరుగుతున్నాయి. కోరిన వెంటనే వెండి డాలరు ఇస్తామన్న వాగ్దానమే ఆ నోటు. బ్రిటను కోరికపై అమెరికా కాంగ్రెసు 1918 ఏప్రిల్ 23న ఒక చట్టం చేసింది. నెవాడా రాష్ట్రపు సెనేటరు కీ పిట్‌మన్ పేర దానిని పిట్‌మన్ చట్టమంటారు. 35 కోట్ల డాలర్ల దాకా కరిగించే అధికారం అందులో ఉన్నది. కరిగించినవి సుమారు 27 కోట్లు. వాటిలో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండిని ఇండియా కొరకు బ్రిటనుకు అమ్మారు. వెనుకటి లెక్క ఇక్కడ వేసి చూస్తే, అది సుమారు 58 కోట్ల రూపాయలకు సరిపడే వెండి.

డాలర్లు కరిగిపోయాక వాటిపై వాగ్దానం చేసిన సర్టిఫికెట్లు నిలువలేవు. వాటిని ఉపసంహరించి, వాటి స్థానంలో ‘ఫెడరల్ రిజర్వు బ్యాంకు నోట్లు’ అచ్చువేశారు. పాత అమెరికా నోట్లు సేకరించేవారు ‘1918 శ్రేణి’ అని గౌరవంగా చెప్పుకొనేవి ఇవే. ఒక డాలరు నోటు వెనుక జెండా పట్టిన గరుడపక్షి, రెండు డాలర్ల నోటు వెనుక యుద్ధనౌక ఉంటాయి. ఆ యుద్ధనౌక నోటుకు సేకర్తలలో గిరాకీ ఎక్కువ. 1929 లో అమెరికా నోటు పరిమాణం తగ్గింది. ఇవి అంతకుముందటి పెద్ద నోట్లు. అమెరికాలో ఆల్బములో భద్రంగా ఉన్న ఆ నోటు, భారతదేశపు రైతు చేతికి వెండి అందించడం కొరకు పుట్టినదని దాని యజమానులలో ఎందరికి తెలుసునో!

ఇక హైదరాబాదు. సంస్థానాలు సొంత నోట్లు వేయడానికి బ్రిటిషువారు అంతవరకు సమ్మతించలేదు. హైదరాబాదు ప్రభుత్వం చేసిన పూర్వ ప్రయత్నాలు ఫలించలేదు. వెండి దొరకని స్థితిలో, యుద్ధానికి నిజాం చేసిన సహాయాన్ని కూడ దృష్టిలో పెట్టుకొని, 1918 లో అనుమతించారు. ఆ యేడు 10, 100 రూపాయల నోట్లు, 1919 లో 1, 5 రూపాయల నోట్లు, 1926 లో 1000 రూపాయల నోటు వెలువడ్డాయి. మొదట వీటిని లండనులోని వాటర్లో కంపెనీ అచ్చువేసేది. నాసిక్‌లో నోట్ల ముద్రణాలయం ఏర్పడ్డాక ఆ పని అక్కడికి మారింది.

లండను నుంచి ఓడలో రావడం వల్ల ఒక విచిత్రం జరిగింది. 1922 మే నెలలో ‘ఈజిప్టు’ అనే ఓడ బంగారం, వెండి, వాటితోబాటు నిజాం ప్రభుత్వపు నోట్లు ఎక్కించుకొని లండను నుంచి బొంబాయికి బయలుదేరింది. మరునాడే, మే 20న, ఫ్రాన్సు తీరం దగ్గర దట్టమైన పొగమంచులో ఒక ఫ్రెంచి ఓడ దానిని ఢీకొన్నది. ఇరవై నిమిషాలలో ఓడ మునిగింది; ఎనభైమందికి పైగా మరణించారు. సుమారు 400 అడుగుల లోతున పడిన ఆ ఓడను ఇటలీ గజ ఈతగాండ్రు ‘ఆర్తీల్యో’ అనే నౌకతో 1930 లో కనుగొన్నారు. అదే సంవత్సరం డిసెంబరులో మరొక మునిగిన ఓడను పేలుస్తుండగా ఆర్తీల్యో బద్దలై, ఆ ఈతగాండ్రలో ముఖ్యులు చనిపోయారు. మిగిలినవారు వేరొక నౌకతో పని సాగించి 1932 జూన్‌లో బంగారాన్ని అందుకొన్నారు. ఆ తవ్వకంలో నిజాం నోట్లు కూడ పైకి వచ్చాయి. సంతకం లేని నోట్లవి. బంగారం నీటిలో పదేండ్లున్నా బంగారమే. సంతకం పడని నోటు మాత్రం నీటిలో పడకముందు కూడ డబ్బు కాదు; అధికారి సంతకంతో ప్రభుత్వం విడుదల చేసినప్పుడే అది రూపాయి అవుతుంది. నేడు ఆ నోట్లను సేకర్తలు వేలంలో కొంటున్నారు. డబ్బు కాని కాగితానికి డబ్బు పెట్టడమన్నమాట.

హాలీ నోటు ప్రయాణం అంత దూరం కాకపోయినా, తుంగభద్ర దాటేసరికే చిక్కు వచ్చేది. ఆవలి కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. అక్కడ చెల్లేది కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు మారకం. కర్నూలులో 60 రూపాయల సరకు కొనడానికి గద్వాలవాసి 70 హాలీలు మూట కట్టుకోవాలి, షరాబు వట్టం వేరు. రెండు నాణేలలోని వెండిని పోల్చి చూస్తే ఈ ఏడు–ఆరు నిష్పత్తి ఆకాశం నుంచి ఊడిపడినది కాదని తెలుస్తుంది: 165 లో ఏడింట ఆరు పాళ్ళు 141 గ్రెయిన్ల పైచిలుకు.

1947 నవంబరులో యథాతథ ఒప్పందం జరిగిన కొద్దికాలానికే, భారత కరెన్సీ తమ రాజ్యంలో చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు చేసింది. రెండు ప్రభుత్వాల నడుమ తగవులో అది ఒక ముఖ్యాంశమైంది. సొంత నోటు సొంత ప్రభుత్వానికి గుర్తు గనుక ఇరుపక్షాలకూ అది చిన్న విషయం కాలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950 తరువాత భారత రూపాయి ప్రవేశించి, హాలీ అదే ఏడు–ఆరు లెక్కన మారి, ఆ దశాబ్దంలోనే వాడుకనుంచి తొలగింది.

హాలీ నోటు దొరికినవారు మొదట చూడవలసినది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. తరువాత సంతకం. హైదర్ నవాజ్ జంగు అని ఉంటే అతడు అక్బర్ హైదరీ. గులాం మహమ్మదు సంతకమైతే 1940ల నాటిది; అతడే 1951 లో పాకిస్తాను గవర్నరు జనరల్ అయ్యాడు. వెలుతురుకు ఎదురుగా పట్టి నీటిగుర్తు చూడాలి. ఒక రూపాయి నోట్లలో 1919 నాటివి మిక్కిలి అరుదు.

దొరికిన నోటును ఇస్త్రీ చేయరాదు, కడగరాదు, చిరుగుకు జిగురుటేపు అంటించరాదు. ఆమ్లం లేని కాగితం నడుమ బల్లపరుపుగా ఉంచితే చాలును. ఈజిప్టు ఓడ నోట్లు ఉప్పునీటిలో ఏండ్ల తరబడి నానినా చదవడానికి వీలుగా మిగిలాయి. టేపు అంటించిన నోటు మాత్రం కొన్నేండ్లకే పచ్చబడి, తీయబోతే అక్షరాలతో సహా ఊడివస్తుంది.