తీగ అందరికీ కనపడేది

సురభి వాళ్ల 'మాయాబజార్' నేను మొదటిసారి చూసింది హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. రెండో వరుసలో కూర్చున్నాను. నారదుడు ఆకాశం నుంచి దిగుతున్నాడు. కింద హార్మోనియం, తబలా. వెనక మబ్బుల తెర. నా కళ్లు మాత్రం నారదుడి నడుము దగ్గర ఆగిపోయాయి. తీగ స్పష్టంగా కనిపిస్తోంది. బాణాలు గాల్లో ఢీకొని నిప్పురవ్వలు రాలాయి. ఆ బాణాలు వచ్చిన దారీ కనిపించింది.

ఏదైనా చూడగానే లోపల ఎలా పనిచేస్తుందో వెతకడం ఇంజినీరింగ్ చదివినవాళ్ల జబ్బు. ఆ రాత్రి ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు రాశాను. వీళ్ల శ్రమ గొప్పదే కానీ తీగ దాచలేని మాయ ఈ కాలంలో నిలబడదు అని తేల్చేశాను. లైకులు బాగానే వచ్చాయి.

తర్వాతి ఆదివారం ఫోన్లో నాన్నకి చెప్పాను. ఆయన పెరిగింది కడప జిల్లాలో.

"తీగ కనపడింది నాన్నా."

"మాకు కనపడ్లేదనుకున్నావా? అందరికీ కనపడతా ఉండె. అయితే ఏమిరా?"

ఆ "అయితే ఏమిరా"కి నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ పోతే తెలిసిందేంటంటే, మన నాటక చరిత్ర పుస్తకాల్లో రాసినవాళ్లు, ఆడినవాళ్లు, సమాజాలు నడిపినవాళ్లు కనిపిస్తారు. చూసినవాళ్లు కనిపించరు. మహా అయితే "ప్రేక్షకులు తండోపతండాలుగా వచ్చారు" అన్న ఒక్క వాక్యంలో అందరూ సర్దుకుని కూర్చుంటారు.

సురభి మొదలైంది 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో. తోలుబొమ్మలాడించే కుటుంబాలు అవి. వనారస గోవిందరావు ఆధ్వర్యంలో మొదటిసారి మనుషులే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ఆ ఊళ్లో ఒక పెళ్లి వేడుక కోసం ఆడారని చెబుతారు. తోలుబొమ్మలాటలో బొమ్మకి పుల్ల ఉంటుందని, ఆ పుల్ల ఒక చేతిలో ఉంటుందని ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. దీపం వెలిగితే తెర మీద కదిలేది మాత్రం భీముడే. సురభికి వచ్చిన తొలి ప్రేక్షకులు ఆ చూపుతోనే వచ్చారు. పుల్ల తెలిసినవాళ్లకి తీగ ఒక లెక్కా?

నాన్న చూసిన సురభి 1960ల చివరిది. వాళ్లు ఒక ఊరికి వస్తే నెలల తరబడి ఉండేవాళ్లు. రేకుల షెడ్డు వేసి, రోజుకో నాటకం మార్చి ఆడేవాళ్లు. నేల టికెట్టు, బెంచీ, కుర్చీ. నాన్నది ఎప్పుడూ నేలే. రాత్రి లీలావతిగా ఏడ్చిన ఆమె పొద్దున్నే బోరింగు దగ్గర బిందెతో వరసలో నిలబడేది. హిరణ్యకశిపుడు టీ కొట్లో బీడీ కాల్చుకునేవాడు. ప్రహ్లాదుడైతే సాక్షాత్తూ నాన్న క్లాసులోనే ఉండేవాడు. మకాం ఉన్నన్నాళ్లూ సురభి పిల్లలు ఆ ఊరి బడికే వచ్చేవాళ్లట.

"లెక్కలు రావు వానికి. అయ్యవారు దినామూ కొట్టేటోడు. రాత్రి అయ్యేసరికి అదే అయ్యవారు కుర్చీ టికెట్టు కొనుక్కోని వచ్చి, వాణ్ణి కొండ మీంచి తోస్తాంటే కండ్లు తుడుచుకుంటాండె."

ఈ మాట విన్నాక నా పోస్టు నాకే తేలిపోయింది. ఆ మాస్టారుకి తీగ సంగతే కాదు, ప్రహ్లాదుడికి ఎక్కాలు రావని కూడా తెలుసు. అయినా కళ్లు తుడుచుకున్నాడు. తెలియక మోసపోవడం కాదది. తెలిసి ఒప్పుకోవడం.

ఇది సురభి ఒక్కదానికే చెందిన సంగతీ కాదు. తెనాలి రామవిలాస సభలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికి వస్తే, వచ్చింది మగవాడని హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ తెలియడమే సగం ఆనందం. ఆడవేషాలకి పేరుపడ్డ ఆ నటుడికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అటు సురభిలో మొదటినుంచీ ఇంటి ఆడవాళ్లే ఆడపాత్రలు వేశారు. రెండు రకాల రంగస్థలాలూ పక్కపక్కనే నడిచాయి. రెండిటికీ వెళ్లిన ప్రేక్షకుడు దేని ఒప్పందం దానితో చేసుకున్నాడు.

ఇక 'వన్స్‌మోర్' సంగతి. హరిశ్చంద్ర కాటిసీనులో పద్యం బాగా పాడితే జనం మళ్లీ పాడమనేవాళ్లు, కథ ఆగిపోయేది. చచ్చిపోయిన పాత్ర లేచి, పద్యం ఇంకోసారి పాడి మళ్లీ చచ్చిపోయేదన్న జోకు మనలో చాలామంది విన్నదే. మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే, కథని ఆపే హక్కు చూసేవాడి చేతిలో ఉన్న చోటు అది. నటుడు ఆ హక్కుకి తలవంచి హార్మోనియం వైపు సైగ చేసేవాడు. ఒక్కోసారి అది నాటకాన్ని చెడగొట్టే మాటా నిజమే. కానీ మల్టీప్లెక్సులో తెరకి మన ఉనికితో పనిలేదు. మనం లేచి వెళ్లిపోయినా అది ఆడుతూనే ఉంటుంది.

నా కళ్లకి తీగ తప్పుగా తోచడం వెనక కూడా ఒక చరిత్ర ఉంది. తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసి, సురభి వాళ్లు ఆడుతున్న నాటకమే దానికి ఆధారం. లీలావతి వేసింది సురభి కమలాబాయి. అంటే మన సినిమా ఈ రేకుల షెడ్డులోంచే నడిచి వెళ్లింది. పాతికేళ్లకి, 1957లో, కె.వి.రెడ్డి 'మాయాబజార్' వచ్చింది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా తీగని పూర్తిగా మాయం చేసింది. నేను టీవీలో ఆ సినిమా చూస్తూ పెరిగాను. సినిమా నేర్పిన కళ్లతో నాటకానికి వెళ్లి, నాటకం సినిమాలా లేదని తప్పు పట్టాను. తల్లి దగ్గరికి వెళ్లి, నీకు బిడ్డ పోలికలు సరిగ్గా రాలేదు అన్నట్టుంది.

పోయిన ఏడాది నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడు మళ్లీ సురభికి తీసుకెళ్లాను. 'భక్త ప్రహ్లాద' ఆడుతున్నారు. సగం కుర్చీలు ఖాళీ. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాల్ని ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్తంభం పగిలి నరసింహుడు వచ్చినప్పుడు ముందు వరుసలో ఒక చిన్నపాప వాళ్లమ్మ ఒళ్లోకి దూరిపోయింది. నాన్న చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను, కొంచెం ఆలస్యంగా.

నాటకం అయ్యాక నాన్న మోకాళ్లు పట్టుకుని లేచి పక్కనున్న మెట్ల దగ్గరికి నడిచాడు. రంగు తుడుచుకుంటున్న ఒక పెద్దాయనకి తన ఊరు, బడి, సంవత్సరం చెప్పి, అప్పుడు ప్రహ్లాదుడు వేసిన పిల్లాడు ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఎవరో చెప్పడం కష్టం సార్. మా ఇళ్లల్లో ఎవరిని అడిగినా చిన్నప్పుడు ప్రహ్లాదుడు వేసినవాళ్లే."

"వానికి లెక్కలు వచ్చేవి కావు" అన్నాడు నాన్న.

"అయితే నేనే అయ్యుంటా" అని ఆయన నవ్వాడు. నిజం కాదని ఇద్దరికీ తెలుసు. చాలాసేపు చేతులు పట్టుకుని మాట్లాడుకున్నారు.

కారులో పాత పోస్టు తెరిచి చూశాను. తీసేద్దామనుకున్నాను కానీ తీసెయ్యలేదు. ఆ రాత్రి నాకు కనిపించినదాంట్లో అబద్ధం లేదు. కింద ఒక కామెంటు మాత్రం రాశాను: తీగ అందరికీ కనపడేది. వచ్చే శనివారం ఎవరైనా వస్తారా? టికెట్లు నేను తీస్తాను. రెండో వరుసలో కూర్చుందాం, అక్కణ్ణించి తీగ బాగా కనిపిస్తుంది.