మగవాడికి సెక్షన్ లేదు

నేనుండే ట్రాయ్ మిషిగన్ రాష్ట్రంలో ఉంది. అత్యాచారం కేసులో బాధితులు ఆడా, మగా అని చూడకుండా ఇక్కడ 1974లోనే చట్టం చేశారు.

మన దేశంలో 1860 నాటి సెక్షన్ 377 ఉండేది. 2018లో సుప్రీంకోర్టు ఇష్టపడి కలిసేవాళ్లని దాన్నుంచి తప్పించింది, బలవంతాన్ని మాత్రం నేరంగానే ఉంచింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. గే కుర్రాడిని చెరిస్తే, కొట్టారనో గాయపరిచారనో రాసుకోవాలి. ట్రాన్స్‌జెండర్లపై లైంగిక దాడికి 2019 చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఆడవాళ్లపై అత్యాచారానికి కనీసమే పదేళ్లు! ఇదేం లెక్కో.

ట్రాయ్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా ముందు ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి, 28 రోజులు వేసుకోవాలి.