పిడుక్కీ బియ్యానికీ

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదని పెద్దలు ఏనాడో హెచ్చరించారు. కంప్యూటరు బల్ల కింద దుమ్ముకొట్టుకొని ఉండే స్పైక్ గార్డు విషయంలో నేనా సామెతను మరచాను. డయలప్ రోజుల్లో ఒక వేసవి సాయంత్రం, గాలివానలో దగ్గరలోనే పిడుగు పడింది. స్పైక్ గార్డు కాపలా ఉన్న కరెంటు తీగ వైపునుంచి ఏ హానీ రాలేదు. కాపలా లేని టెలిఫోను తీగ వెంట వచ్చిన పోటు మోడెమునూ, మదర్‌బోర్డునూ మాడ్చివేసింది. ఆ పరికరం చేయగలదేమిటో, చేయలేనిదేమిటో తెలుసుకోవాలని అప్పుడు దాని చరిత్ర తిరగేశాను.

కథ 1752 మే 10న ఫ్రాన్సులోని మార్లీ గ్రామంలో మొదలవుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన పద్ధతిలో దాలిబార్ నిలబెట్టించిన ఎత్తైన ఇనుపకడ్డీ నుండి నిప్పురవ్వలు వెలువడ్డాయి. ఉరిమే మబ్బులో ఉన్నది విద్యుత్తేనని రుజువైంది. మరుసటి యేడు సెయింట్ పీటర్స్‌బర్గులో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త అటువంటి కడ్డీనే ఇంటిలోని కొలత పరికరానికి కలిపి, పిడుగుపాటుకు మరణించాడు. ఆ కడ్డీకి భూమితో సంబంధం లేదు. పిడుగును ఆపలేము, నేలలోకి దారి మాత్రం చూపగలము. తరువాతి చరిత్ర అంతా ఆ దారి వెతుకులాటే.

19వ శతాబ్దంలో తంతి తీగలు వార్తలతో పాటు పిడుగులనూ కార్యాలయాలలోకి తెచ్చాయి. అక్కడ రంపపు పళ్ళవంటి అంచులున్న లోహపు పలకలను సన్నని ఖాళీతో ఎదురెదురుగా అమర్చేవారు. మామూలు సంకేతం ఆ ఖాళీని దాటలేదు. పిడుగు దాన్ని దాటి, భూమికి కలిపిన పలకగుండా దిగిపోతుంది.

ఇంటి పరికరాలకు తగిన ద్వారపాలకుడు జపానులో పుట్టాడు. మత్సుషితా సంస్థలో పనిచేసిన మిచియో మత్సువోకా, జింకు ఆక్సైడులో బిస్మతు ఆక్సైడు వంటివి స్వల్పంగా కలిపి కాల్చిన పింగాణీ గుణాలను 1971లో ప్రకటించాడు. మామూలు వోల్టేజి వద్ద ఆ బిళ్ళ దాదాపు అవాహకం. హద్దు మీరితే రెప్పపాటుకన్నా ముందే వాహకమై పోటును పక్కదారి పట్టిస్తుంది, తగ్గగానే మళ్ళీ మూసుకుంటుంది. స్పైక్ గార్డులలో సాధారణంగా ఉండేది ఈ బిళ్ళే.

అయితే పెద్ద పోటు తగిలినప్పుడల్లా దాని ఆయుష్షు కొంత తరుగుతుంది. అది పనిచేయడం మానినా ప్లగ్గుకు కరెంటు రావచ్చు, దీపమూ వెలుగుతూనే ఉండవచ్చు. ఎర్తింగు లేని ఇంట్లో నేలకు చేరవలసిన పోటుకు దారే లేదు. అది రిచ్‌మన్ కడ్డీ వంటిదే. గంటలకొద్దీ నిలిచే హెచ్చు వోల్టేజికి బిళ్ళ కాగిపోతుంది కనుక ఆ పని స్టెబిలైజరుది. కరెంటు పోయినపుడు సగం రాసిన టపాను దక్కించేది యూపీఎస్. కొన్ని ఎక్స్‌టెన్షను పెట్టెల్లో అసలు బిళ్ళే ఉండదు. నేరుగా ఇంటిమీద పడే పిడుగుకు ఇవేవీ చాలవు.

ఆనాడు అదృష్టవశాత్తూ హార్డుడిస్కు దక్కింది. నాన్నగారు చెబుతుంటే నేను టైపు చేసుకున్న మా ఊరి కథలు అందులోనే ఉన్నాయి, వేరే ప్రతి లేదు. ఇప్పుడు వాటికి మరో చోట నకలుంది. ఉరుములు దగ్గరపడకముందే, టపా ఎంత రసపట్టులో ఉన్నా, కరెంటు తీగనూ నెట్టు తీగనూ రెంటినీ ఊడదీసి లేస్తాను.