జర్మన్ వాక్యమూ, మన షష్ఠీ విభక్తీ

పదవీ విరమణ తరువాత నేను జర్మన్ వ్యాకరణం పట్టుకొని కూర్చున్నానంటే నవ్వుతారేమో. కారణం ఉన్నది.

మా పెడనలో కలంకారీ అద్దకం చేసే కుటుంబం నుంచి వచ్చిన పూర్వవిద్యార్థి ఒకడు రెండేళ్ల క్రితం మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగు పూర్తిచేశాడు. పైచదువుకు జర్మనీ వెళ్లాలని కోరిక. భాషా పరీక్ష ఒకసారి తప్పాడు. మళ్లీ కట్టవలసిన రుసుము వాళ్ల నాన్నకు చిన్న మొత్తమేమీ కాదు. "మాటలు వచ్చండి మాస్టారూ, వాక్యమే కుదరటం లేదండి" అన్నాడు.

"జర్మన్ నాకు రాదురా నాయనా. వాక్యం ఏమిటో చూపించు, చూద్దాం" అన్నాను.

"నేను రాలేను, ఎందుకంటే నాకు పని ఉంది" అని రాయబోయి "వైల్ ఇష్ ముస్ ఆర్బైటెన్" అని రాశాడు. ఎర్రసిరాతో "ఆర్బైటెన్ ముస్" అని దిద్ది ఉన్నది. 'ఆర్బైటెన్' అంటే పనిచేయడం, 'ముస్' అంటే తప్పనిసరి అన్న అర్థమిచ్చే సహాయక్రియ. మాటల్లో జర్మన్లు కూడా కొందరు పిల్లవాడు రాసినట్టే అంటారట, రాతలో మాత్రం ఒప్పుకోరు. ఈ వరుస ఎందుకు మారిందో వాడికి అంతుపట్టలేదు. నేను ఆ రెండు మాటల కింద తెలుగు రాసి చూపించాను: పనిచేయ - వలసి. "పనిచేయవలసి ఉన్నందున". వరుస మనదే! 'అతణ్ణి చూసి ఉన్నాను' అనడానికి కూడా ఉపవాక్యంలో 'గెజేయెన్ హాబె' అంటారు, అంటే 'చూసి - ఉన్నాను'. వాడు ఈ భాషను ఇంగ్లీషు పుస్తకం ద్వారా నేర్చుకున్నాడు. ఇంగ్లీషులో సహాయక్రియ ముందుంటుంది గనుక ఇక్కడా ముందే పెట్టాడు. ఇంట్లో ఉన్న తాళంచెవిని వదిలి పొరుగూరికి వెళ్లి వెతికినట్టున్నది.

ఇది మనకు కొత్త అలవాటు కాదు. మన భాషను మనమే మూడో భాష గుమ్మంలోంచి చూసుకున్నాం. నన్నయ పేరుమీద ప్రచారంలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి తెలుగుకు వ్యాకరణమే అయినా సూత్రాలు సంస్కృతంలో ఉన్నాయి. పదమూడో శతాబ్దంలో కేతన ఆంధ్రభాషాభూషణాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అది తెలుగు సూత్రాలతోనే నడుస్తుంది గానీ గదుల కట్టడి మాత్రం సంస్కృతానిదే.

జర్మన్ల వైపు నుంచి చూసినా ఇదే కథ. 1719లో డేన్ల స్థావరమైన తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్ట్జె అనే లూథరన్ మిషనరీ, 1726లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1728లో తెలుగుకు వ్యాకరణం రాశాడు. తన భాషలో కాదు, లాటిన్‌లో! ఆ రోజుల్లో యూరపు పండితులకు శాస్త్రమంటే లాటిన్. అది అతని జీవితకాలంలో అచ్చుకు నోచుకోలేదు. 1743లో స్వదేశానికి తిరిగి వెళ్లి, 1746, 47లలో హాలే పట్టణంలో కొన్ని చిన్న మతగ్రంథాలను తెలుగు అక్షరాలతో అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు. (మా ఊళ్లో 'అచ్చు' అంటే ముందుగా గుర్తొచ్చేది గుడ్డమీద అద్దే చెక్క అచ్చు. పుస్తకపు అచ్చు తరువాతి మాట.) విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, కాంబెల్‌ది 1816లో వచ్చాయి. అంతకు ఎనభై ఏళ్లకు పైగా ముందు ఒక జర్మన్ దేశస్థుడు మన విభక్తులతో కుస్తీ పట్టాడన్నమాట.

విభక్తుల దగ్గరే మా వాడికి రెండో దెబ్బ తగిలింది. జర్మన్‌లో నామానికి ముందు వచ్చే చిన్న మాట విభక్తిని చాలావరకు మోస్తుంది: దేర్ మాన్ (మనిషి), దేన్ మాన్ (మనిషిని), దేమ్ మాన్ (మనిషికి), దెస్ మాన్నెస్ (మనిషి యొక్క). 'దేమ్' ఉన్న దానిని 'డేటివ్' అంటారు. వీడు డేటివ్ అంటే చతుర్థి అని ఎక్కడో చదివాడు. చతుర్థి అంటే 'కొరకు, కై' అని బడిలో నేనే వల్లెవేయించాను. కాబట్టి 'మనిషి కొరకు' అనేందుకు 'ఫ్యూర్ దేమ్ మాన్' అని రాశాడు. తప్పు. జర్మన్‌లో 'ఫ్యూర్' ద్వితీయనే కోరుతుంది, 'ఫ్యూర్ దేన్ మాన్' అనాలి.

నాకు కాసేపు నోట మాట రాలేదు. పాపం ఎవరిది? 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' షష్ఠి అని మన సూత్రం. 'రాముడికి ఇచ్చాను', 'రాముడి యొక్క ఇల్లు', ఈ రెండూ ఒకే గదిలో ఎందుకున్నాయి? సంస్కృతపు ఇంట్లో తెలుగు సామాను సర్దినందువల్ల. జర్మన్ వాళ్లు ఆ రెండింటినీ వేరు గదుల్లో పెట్టుకున్నారు. "డేటివ్ అంటే చతుర్థి కాదు, మన 'కి, కు' అనుకో" అన్నాను వాడితో. అంతే, వాడి ముఖం విప్పారింది. 'నాకు చలిగా ఉంది' అనడానికి 'మీర్ ఇస్ట్ కాల్ట్', 'నాకు ఈ పుస్తకం నచ్చింది' అనడానికి 'మీర్ గెఫెల్ట్ దాస్ బూఖ్'. 'మీర్' అంటే 'నాకు'. ఇంగ్లీషువాడు 'నేను' అని మొదలుపెట్టే చోట జర్మన్ మనలాగే 'నాకు' అంటాడు. ఈ పద్ధతి లాటిన్‌లోనూ ఉన్నది గనుక షుల్ట్జెకు ఇక్కడ పెద్ద ఇబ్బంది కలిగి ఉండదు. ఇబ్బంది ఇంగ్లీషు మీదుగా వెళ్లే మన పిల్లలకే.

అన్నీ ఇలా కలిసిపోతాయని కాదు. ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానాన్ని వదలదు: 'మోర్గెన్ గేయె ఇష్', 'రేపు వెళతాను నేను' అన్నట్టు. కొన్ని క్రియల ముందరి ముక్క ఊడిపోయి వాక్యం చివరకు పోతుంది. ఫోన్ చేయడమనే 'ఆన్‌రూఫెన్'లో 'ఆన్' అలాంటిది. ఇది మనకు ఎక్కడా లేదు, బట్టీ పట్టవలసిందే. 'మేడ్ష్‌యెన్', అంటే ఆడపిల్ల, నపుంసకలింగమని తెలిసినప్పుడు వాడు నవ్వాడు. "ఎందుకురా నవ్వుతావు? పిల్ల వచ్చింది, ఆవు వచ్చింది అనే భాష నీది" అన్నాను. ఏకవచనంలో మన స్త్రీవాచకాలకూ అమహత్తులకూ క్రియ ఒకటే కదా.

మాటల ఎంపికలో వాణ్ణి బాగా వేధించినది 'వైస్', 'కెన్నె' అనే జంట. రెండింటికీ ఇంగ్లీషులో ఒకే మాట. సంగతి తెలిస్తే 'వైస్', మనిషితోనో ఊరితోనో పరిచయముంటే 'కెన్నె'. మా నాయనమ్మ మాటల్లో ఈ భేదం ఉండేది. సంగతి 'తెలుసు', మనిషిని 'ఎరుగుదును'. ఇప్పటి పిల్లలు 'ఎరుగు'ను పోగొట్టుకున్నారు. వాడికి జర్మన్ కోసం ముందు ఆ తెలుగు మాట నేర్పవలసి వచ్చింది.

రెండోసారి పరీక్ష దాటాడు, అత్తెసరు మార్కులతో. ఇప్పుడు అక్కడే చదువుకుంటున్నాడు. పోయిన సంక్రాంతికి వాడికి జర్మన్‌లో మూడు వాక్యాలు రాసి పంపాను. అందులో ఒకటి, వాళ్ల ప్రొఫెసరు గురించి వాడు చెప్పగా విని, ఆయనను నేను ఎరిగినట్టే ఉన్నదని. మర్నాడు జవాబు వచ్చింది: "మాస్టారూ, క్షమించండి. రెండో వాక్యంలో 'వైస్' కాదండి, 'ఎరుగుదును' రావాలండి."