రసాయన పరిశ్రమలో నీటి పొదుపు

రసాయన కర్మాగారం తోడుకునే నీటిలో సరుకులో కలిసేది సాధారణంగా కొద్దిపాటే. మిగతాదంతా చల్లబరచడానికి, ఆవిరి తయారీకి, రియాక్టర్లు కడగడానికి పోతుంది.

చాలాచోట్ల పెద్ద ఖర్చు కూలింగ్ టవర్లదే. టవర్లో కొంత నీరు ఆవిరైపోతూ మిగతా నీటిని చల్లబరుస్తుంది. లవణాలు మాత్రం అందులోనే ఉండిపోయి చిక్కబడతాయి. గొట్టాల లోపల గార కట్టకుండా ఆ నీటిని కొంత బయటికి వదిలి, కొత్త నీరు పోస్తారు. వదలడాన్ని బ్లోడౌన్ అంటారు. కొత్త నీటికన్నా లవణాలు 3 రెట్లు చిక్కబడగానే వదిలితే, ఆవిరయ్యే ప్రతి 100 లీటర్లకు 150 లీటర్లు పోయాలి. 6 రెట్ల దాకా ఆగితే 120 చాలు. 12 రెట్లకు వెళ్లినా 109కే తగ్గుతుంది, గార, తుప్పు బెడద మాత్రం బాగా పెరుగుతుంది. అంతకన్నా, వేడి ద్రవంతో చల్లటి ముడిసరుకును వేడిచేసుకుని టవర్‌కు చేరే వేడినే తగ్గించడం మేలు. అప్పుడు ఆవిరయ్యే నీరే తగ్గుతుంది.

కడుగుడులో ఉపాయం పాతదే: ఈసారి ఆఖరున కడిగిన నీటిని వచ్చేసారి మొదటి కడుగుకు వాడటం. మందుల తయారీలో ఒక సరుకు మరొకదానిలో కలిసే ప్రమాదం ఉంది కనుక దీనికి హద్దులున్నాయి. ఏ పనికి ఎంత శుభ్రమైన నీరు చాలునో లెక్కగట్టి, కర్మాగారానికి కావలసిన కనీస నీటిని తేల్చే పద్ధతిని 1994లో మాంచెస్టర్‌లో వాంగ్, స్మిత్ రూపొందించారు. దీన్నే వాటర్ పించ్ అంటారు.

తాగునీటికి బదులు శుద్ధిచేసిన మురుగు నీటిని వాడటం మరో దారి. చెన్నైలో కొడుంగైయూర్ మురుగు నీటిని ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్) దాకా శుద్ధిచేసి మణలి పరిశ్రమలకు పంపుతున్నారు. వాడకం తగ్గకపోయినా, ఊరి తాగునీటి మీద భారం తగ్గుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల వ్యర్థజలాలు నక్కవాగు వంటి వాగులను, వాటి ఒడ్డు ఊళ్లను తీవ్రంగా దెబ్బతీశాయి. తర్వాత వచ్చిన జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (ద్రవ వ్యర్థాలను బయటికి వదలని) పద్ధతిలో ఉప్పు ఎక్కువున్న నీటిని వేరుచేసి, ద్రావకాలను స్ట్రిప్పర్‌లో తీసి, మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్ (ఎంఈఈ)లో మరిగించి, ఎజిటేటెడ్ థిన్ ఫిల్మ్ డ్రయర్ (ఏటీఎఫ్‌డీ)లో ఆరబెడతారు. చల్లారిన ఆవిరి నీరు శుద్ధయ్యాక మళ్లీ టవర్‌కు చేరుతుంది. ఇది అవసరమే, కానీ దీన్ని పొదుపులో మొదటి మెట్టుగా చూడటం పొరపాటు. ఎంఈఈకి ఆవిరి కావాలి, ఆవిరికి ఇంధనం కావాలి. మిగిలిన ఉప్పును దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో పూడ్చాలి. రియాక్టర్ దగ్గరే మైలపడకుండా ఆపిన నీటికి ఈ ఖర్చులేవీ ఉండవు.